ఎంసీఎఫ్-7లో చీలిన కాస్పేస్-3 బ్యాండ్ రావడం లేదు, వెనెటోక్లాక్స్ పనిచేయనట్టేనా?

ప్రశ్న (పైపెట్):
ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలకు, బీసీఎల్-2ను అడ్డుకునే మందు వెనెటోక్లాక్స్‌ను 1 మైక్రోమోలార్ చొప్పున 48 గంటలు ఇచ్చాం. బ్లాట్‌లో (ప్రొటీన్లను యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) కణాన్ని చావనీయని ప్రొటీన్ బీసీఎల్-2 దండిగానే ఉంది, కణం చావును నడిపే ఎంజైమ్ కాస్పేస్-3 చీలిన జాడ లేదు. చస్తున్న కణాల పొరకు అంటుకునే అనెక్సిన్ వి చూస్తే మందు ఇవ్వని కణాల్లోనే 20 శాతం దాటుతోంది. తేడా ఎక్కడ?

బ్లాట్_బెంచ్:
ఆ బ్యాండ్ ఎన్నాళ్లు చూసినా రాదండీ. ఎంసీఎఫ్-7లో కాస్పేస్-3 జన్యువు మూడో ఎక్సాన్‌లో 47 బేస్‌లు లేవు, ప్రొటీనే తయారు కాదు. పాపం, యాంటీబాడీ తప్పేమీ లేదు. బదులుగా చీలిన కాస్పేస్-7, కాస్పేస్‌లు కోసే పార్ప్ ప్రొటీన్ తాలూకు 89 కిలోడాల్టన్ల ముక్క చూడండి. డీఎన్‌ఏ ల్యాడర్ (చచ్చే కణంలో ముక్కలైన డీఎన్‌ఏ జెల్‌పై నిచ్చెనలా కనిపించడం) మీద ఆశ పెట్టుకోకండి. కణాలను చంపే స్టారోస్పోరిన్ ఇచ్చిన జర్కాట్ (ల్యుకేమియా) కణాల లైసేట్ ఒక లేన్‌లో పెడితే యాంటీబాడీ సంగతీ తేలుతుంది.

ఫ్లో_గేట్:
కంట్రోల్‌లో 20 శాతం అంటే ముందు కణాలను ప్లేట్ నుంచి ఊడదీసే ట్రిప్సిన్‌ను అనుమానించండి. ఎక్కువసేపు ఉంచినా, పైపెట్‌తో గట్టిగా కొట్టినా పొర చిరిగి, అనెక్సిన్ లోపలికి పోయి అంటుకుంటుంది. పొర చిరిగిన కణాల్లోకే వెళ్లే పీఐ రంగు కూడా పడితే అదే కారణం కావచ్చు. ట్రిప్సిన్‌తో పాటు వాడే ఈడీటీఏ మిగిలితే దీనికి రివర్స్: అనెక్సిన్‌కు కావలసిన కాల్షియాన్ని అది లాగేసుకుని సిగ్నల్ తగ్గిస్తుంది. అందుకే రెండుసార్లు కడిగి, 2.5 మిల్లీమోలార్ కాల్షియం ఉన్న బైండింగ్ బఫర్‌లో 100 మైక్రోలీటర్లకు లక్ష కణాలు తీసుకోండి. రంగులు వేసి 15 నిమిషాలు చీకట్లో ఉంచి, 400 మైక్రోలీటర్ల బఫర్ కలిపి గంటలోపు రన్ చేయండి. మీడియాలో తేలే కణాలను పారబోయకండి, చచ్చినవి ఎక్కువగా ఉండేది అక్కడే.

బీహెచ్3_బాబు:
అసలు చిక్కు వేరే ఉంది. బీసీఎల్-2 ఉన్నంత మాత్రాన కణం దాని మీదే బతుకుతోందని కాదు. వెనెటోక్లాక్స్ విడిపించిన బిమ్‌ను (చావును ప్రేరేపించే ప్రొటీన్) బీసీఎల్-2 లాంటివే అయిన ఎంసీఎల్-1, బీసీఎల్-ఎక్స్‌ఎల్ పట్టేసుకుంటే, కణాన్ని చంపే బ్యాక్స్, బ్యాక్ ప్రొటీన్లు కదలవు. ఎంసీఎల్-1ను ఆపే ఎస్63845తో ఒకసారి, బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ను ఆపే ఏ-1331852తో ఒకసారి కలిపి చూడండి. మందులు కరిగించే డీఎంఎస్‌ఓ మొత్తం 0.1 శాతం దాటనివ్వొద్దు. కాస్పేస్‌లను ఆపే జెడ్‌వాడ్ 20 మైక్రోమోలార్ గంట ముందు వేస్తే చావు ఆగుతోందా? ఆగితేనే కాస్పేస్‌ల పని.

పైపెట్:
కలిపితే చస్తే, రోగుల్లోనూ అదే దారా?

బీహెచ్3_బాబు:
అంత తేలిక కాదు. ప్లేట్‌లెట్లు బీసీఎల్-ఎక్స్‌ఎల్ మీదే బతుకుతాయి. బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ను కూడా ఆపే నావిటోక్లాక్స్‌తో వాటి సంఖ్య పడిపోయింది కాబట్టే బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ను వదిలేసే వెనెటోక్లాక్స్ వచ్చింది. ఎంసీఎల్-1ను ఆపితే గుండె కండరానికి ముప్పు. ఇంకొకటి, ఎస్63845 ఇచ్చాక బ్లాట్‌లో ఎంసీఎల్-1 పెరిగి కనిపిస్తుంది. మందు ఆ ప్రొటీన్‌ను విరిగిపోకుండా నిలబెడుతుంది, అంతే. పనిచేయలేదని పక్కన పెట్టేయకండి.