అప్‌డేట్: టాంజానియాలో స్థానికులతో గడిపిన రోజులు

సఫారీ జీపులోంచి జంతువులను మాత్రమే చూసి రాకుండా, అక్కడి మనుషులతో ఎలా కలవాలని పోయిన నెల అడిగాను. పలకరింపులు నేర్చుకోమని, ఊళ్లో ఎవరింట్లోనైనా ఉండమని చాలామంది చెప్పారు. రెండూ చేశాను.

కిలిమంజారో వాలులోని మరంగు అనే ఊళ్లో, అక్కడి చగ్గా తెగకు చెందిన ఒక కుటుంబం ఇంట్లో నాలుగు రోజులున్నాను. పెద్దవాళ్లకు 'షికమో' అనాలి, వాళ్లు 'మరహబా' అంటారు. మొదటిసారి అన్నప్పుడే ఆ ఇంటి అవ్వ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఒక పొరపాటు జరిగింది. తోట చూడ్డానికి 'సా మ్బిలి'కి రమ్మన్నారు. మాటకు మాట చూస్తే అది 'రెండు గంటలు', అందుకని మధ్యాహ్నం వెళ్లాలనుకున్నాను. అక్కడి భాష స్వాహిలిలో గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెడతారు, అంటే అది ఉదయం ఎనిమిది! పాపం, నాకోసం చాలాసేపు ఎదురుచూశారు. మీరెవరైనా వెళ్తే టైం రెండుసార్లు అడిగి ఖాయం చేసుకోండి.

మర్నాడు తోట చూశాను. అరటి చెట్ల నీడలో కాఫీ మొక్కలు, కొండ మీది నుంచి తవ్విన కాలువల్లో నీళ్లు. భోజనానికి ముందు ఇంటి అమ్మాయి చేతుల మీద నీళ్లు పోసింది. మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలి అచ్చం మన సంగటిలాగే ముద్దలు చేసుకుని తింటారు. చాయ్‌ని చాయ్, చపాతీని చపాతి అనే అంటారు.

ఫోటోలు మాత్రం అడక్కుండా తీయలేదు. ఆ సలహా ఇచ్చినవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. నాలుగో రోజు అవ్వే పిలిచి, కంగా (అక్కడి ఆడవాళ్లు చుట్టుకునే రంగురంగుల బట్ట) కట్టుకుని వచ్చి, ఫోటో తీయమంది.