పలమనేరు ఇంట్లో ఫైర్‌ప్లేస్: మోకాళ్లు కాలతా ఉన్నాయి, గది మాత్రం వేడెక్కడం లేదు

తిరుపతి_వాసి:
పలమనేరు దగ్గర తోటలో ఇల్లు. హాలు 14 x 16 అడుగులు, పైన స్లాబు. ఫైర్‌ప్లేస్ మూతి వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 30, లోతు 24, పక్కగోడలు తిన్నగా ఉన్నాయి. పొగగొట్టం లోపలి కొలత 12 x 12, స్లాబు మీద రెండడుగులే లేచింది. ధనుర్మాసం చలికి ఎన్ని కట్టెలేసినా ముందర మోకాళ్లు కాలతాయి, వీపు వణుకుతుంది. కిటికీలు మూస్తే పొగ గదిలోకే తిరుగుతుంది, ఒకటి తెరిస్తే చలిగాలి. మొత్తం పడగొట్టకుండా ఏమన్నా దారుందా?

బేల్దారి_చిత్తూరు:
మీరు చెప్పిన రెండు బాధలకూ, పొగకూ చలిగాలికీ, మూలం ఒకటేనన్నా. మంట గదిలోని గాలిని లాక్కుని పైకి పంపిస్తుంది. పోయినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాల. కిటికీలు మూస్తే దానికి మిగిలేది పొగగొట్టమే, అందుకే పొగ దిగుతుంది. బయటినుంచి గోడలో 4 అంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేసి, పొయ్యి ముందు మూలలో తెరవండి. బయట జాలీ, లోపల మూసే రేకు ఉండాల. పీవీసీ వద్దు, కరిగిపోతుంది.

గది వేడెక్కకపోవడానికి రెండో కారణం లోతు. 24 అంగుళాల గూట్లో వేడి గూటికే సరి. లోపల ఫైర్ బ్రిక్స్‌తో (వేడికి తట్టుకునే ఇటుకలు) కొత్త గోడలు లేపి లోతును 12 అంగుళాలకు తెండి. వెనకగోడ వెడల్పు 12, పక్కగోడలు అక్కడినుంచి ఏటవాలుగా మూతిదాకా. వెనకగోడ 12, రెండు పక్కలా వాలుకు 12, 12 కలిపితే మీ మూతి వెడల్పు 36 సరిగ్గా కుదురుతుంది. 1790లలో కౌంట్ రంఫర్డ్ అనే శాస్త్రవేత్త లండన్ పొయ్యిలను బాగుచేసింది ఇట్లానే. మంట పైన పొగ దూరే గొంతు ముందునుంచి వెనక్కి 4 అంగుళాలు చాలు. ఫైర్‌క్లే (వేడికి తట్టుకునే బంకమట్టి) మసాలాతో సన్నటి అతుకులు పెట్టండి. మామూలు సిమెంటైతే వేడికి పగిలి రాలుతుంది. వారం ఆరనిచ్చి, మొదట్లో పుల్లలతో చిన్న మంటే పెట్టాల.

మూతి 1080 చదరపు అంగుళాలు, గొట్టానికి అందులో పదోవంతు చాలు, అంటే 108. మీది 144. కొంచెం పెద్దదే, ముట్టుకోనక్కర్లేదు. ఎత్తు మాత్రం తక్కువ. స్లాబు మీద 3 అడుగులు ఉండాల, 10 అడుగుల లోపున్న నీళ్ల ట్యాంకు, మెట్లగది కంటే 2 అడుగులు ఎక్కువుండాల. లేదంటే గాలి వాటికి తగిలి గొట్టంలోకి దూకుతుంది.

మామిడితోట_రైతు:
పైవన్నీ చేసినా పచ్చికట్టె వేస్తే మంట వేడి కొంత అందులోని నీళ్లు కాచడానికే పోతుంది. కాయ దిగినాక కొట్టిన మామిడి కొమ్మలను 3-4 అంగుళాల మందాన చీల్చి, గాలాడే షెడ్డులో ఇటుకల మీద పేర్చండి. ఆరునెలలకు, అంటే సరిగ్గా చలికి, సిద్ధం. రెండు చీలికలు కొట్టి చూడండి: ఖణేల్మంటే ఎండినట్టు, దబ్బుమంటే పచ్చి. తేమ మీటరుంటే అప్పుడే చీల్చిన ముఖం మీద గుచ్చాల, 20 శాతం లోపుండాల. పచ్చికట్టె పొగ గొట్టంలో తారులా పేరుకుని ఒకనాడు అదే అంటుకుంటుంది. ఏటా చలికి ముందు మసి దులిపించండి. ఎర్రచందనం తుండు ఎవరన్నా చవగ్గా తెచ్చిచ్చినా వద్దనండి, పొయ్యికంటే కేసు వేడి ఎక్కువ!

ఇనుపపొయ్యి:
నన్నడిగితే గూట్లో తలుపున్న ఇనుప స్టవ్ పెట్టేయడమే మేలు. తెరిచిన పొయ్యి కట్టె వేడిలో పదోవంతు గదికిస్తే గొప్ప, మంచి స్టవ్ 60-70 శాతం ఇస్తుంది. కానీ దాని గొట్టాన్ని మీ 12 x 12లో ఊరికే వదలొద్దు. పొగ చల్లారి తారు పడుతుంది. స్టీలు పైపును పైదాకా తీసుకుపోవాల.

తిరుపతి_వాసి:
ముందు పైపు, గోడలు చేయిస్తాను. గొట్టానికి మూత లేదు, రాత్రంతా వేడి పైకే పోతోంది. పడుకునేముందు నిప్పులున్నా మూసేయొచ్చా?

బేల్దారి_చిత్తూరు:
మూయొద్దు. జరిపే ఇనుపరేకు పెట్టించండి, కానీ నిప్పు పూర్తిగా చచ్చినాకే మూయాల. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన, రంగు ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హాల్లో, పడకగదిలో దాన్ని పసిగట్టే అలారం పెట్టండి. పై బూడిద చల్లగా ఉందని నమ్మొద్దు, నివురుగప్పిన నిప్పు తెల్లారేదాకా ఉంటుంది. పొద్దున ఊచతో కెలికి, ఎర్రగా ఏదీ కనపడక, వేడీ తగలకపోతేనే రేకు జరపండి.