వరద ఆపడానికి కట్టిన చిన్న మట్టికట్ట: ఖాళీగా ఉంచాలా, నీళ్లు నిలపాలా?

కట్టకింద_పొలం:
ఫ్రెండ్స్ ఒక విషయం తేల్చి చెప్పండి, గట్టిగా వాదించుకున్నా పర్లేదు. మా పొలాలకి ఎగువన వాగుకి అడ్డంగా చిన్న మట్టికట్ట ఉంది, ఎత్తు 9 మీటర్లు, కేవలం వరద ఆపడానికే కట్టింది. అడుగున పైపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, షట్టర్ లేదు. పెద్దవాన పడితే వెనకాల నీళ్లు నిండుతాయి, పైపు పట్టినంత మెల్లగా దిగిపోతాయి, నాలుగైదు రోజుల్లో మళ్లీ ఖాళీ. ఒక పక్కన అలుగు ఉంది. ఇప్పుడు చాలామంది ఏమంటున్నారంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తగా పడుంటోంది, పైపుకి ఒక షట్టర్ బిగిస్తే చెరువైపోతుంది, బోర్లకి ఊట, పశువులకి నీళ్లు, చేపలు కూడా పెంచుకోవచ్చు అని. వినడానికి బాగానే ఉంది కానీ కట్ట కింద ఉన్నవాణ్ణి నేను. నిలపొచ్చా వద్దా?

నీటిచుక్క:
నిలపాలండి, ఇందులో ఆలోచించడానికి ఏముంది? భూగర్భజలాలు అడుగంటిపోతున్నాయి, కళ్లముందే వాన నీళ్లు కిందికి పోతుంటే చూస్తూ కూర్చోవాలా? అంత మట్టి పోసి కట్టింది ఖాళీగా ఉంచడానికా?

అలుగు_దగ్గర:
ఖాళీగా ఉంచడానికేనండి నీటిచుక్క గారూ, దాని పనే అది. ఒక చిన్న లెక్క చూడండి, ఎగువన 4 చదరపు కిలోమీటర్ల నేల నుంచి నీళ్లు ఈ వాగులోకి వస్తాయనుకోండి, ఒక్క రాత్రి 100 మిల్లీమీటర్ల వాన పడి అందులో సగం పారితే 2 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. వాటికి కట్ట వెనకాల చోటుండాలి, లేకపోతే అలుగు మీద పడతాయి, అలుగు కూడా మోయలేకపోతే కట్ట మీంచి పొర్లుతాయి. కాంక్రీటు గోడైతే కాసేపు ఓర్చుకుంటుందేమో, మట్టికట్ట మీంచి పొర్లితే బయటి వాలు కింద నుంచి కోసుకుంటూ పైకి వచ్చేస్తుంది, చూస్తుండగానే గండి. చేపలంటున్నారు కాబట్టి అమెరికాలో జాన్స్‌టౌన్ అనే ఊరికి ఎగువన ఉండిన సౌత్ ఫోర్క్ డ్యామ్ సంగతి చెప్తాను. అదీ మట్టికట్టే, 22 మీటర్లు, మొదట కాలువకి నీళ్లివ్వడానికి కట్టారు, తర్వాత ఒక క్లబ్బు చేతికొచ్చి చేపల సరస్సు అయింది. అడుగు పైపులు అంతకుముందే పీకేసి అమ్మేశారు, వీళ్లు మళ్లీ పెట్టలేదు. బండ్లు పోవడానికి కట్ట పైభాగం తగ్గించారు, చేపలు పోకుండా అలుగుకి జాలీ పెట్టారు. 1889 మే 31న పెద్దవాన, జాలీకి చెత్త అడ్డుపడింది, నీళ్లు దించుదామంటే అడుగున దారే లేదు. కట్ట తెగి 2,209 మంది పోయారు. వీటిలో ఏ ఒక్కటీ ఆరోజుకి పెద్ద తప్పులా అనిపించి ఉండదు.

లెక్కల_మాస్టారు:
భయం అర్థమైంది కానీ లెక్క పూర్తిగా చెప్పాలి కదా. లోయ గిన్నెలాంటిది, అడుగున ఇరుకు పైన వెడల్పు. ఎగువకి పోయేకొద్దీ సన్నబడే లోయలో నీళ్ల పరిమాణం సుమారుగా ఎత్తు ఘనంతో పెరుగుతుంది, అంటే 9 మీటర్లలో అడుగు 3 మీటర్లు నింపితే మొత్తంలో 27వ వంతే, 4 శాతం లోపు. ఆ కాస్తకి వరద చోటంతా పోయిందని గోల చేయడం సరికాదు. ఇంకోటి ఎవరూ చెప్పట్లేదు, ఎప్పుడూ ఎండే కట్టకీ ప్రమాదం ఉంది. బంకమట్టి ఎండితే నెర్రెలిస్తుంది, మొదటి వరద నీళ్లు ఆ నెర్రెల్లోకే దూరతాయి. అమెరికాలో టీటన్ డ్యామ్ అని ఒక మట్టికట్ట ఉండేది, చాలా పెద్దది, మొదటిసారి నింపుతుంటేనే 1976 జూన్ 5న పొద్దున బురద ఊట కనిపించి మధ్యాహ్నం 12 కొట్టకముందే తెగిపోయింది. ఎన్నడూ నీళ్లు చూడని కట్టకి వరద రోజే మొదటి పరీక్ష అవ్వడం మంచిదా?

నీటిచుక్క:
అదీ మాస్టారూ, సరిగ్గా చెప్పారు 👏

అలుగు_దగ్గర:
27వ వంతు లెక్క ఒప్పుకుంటున్నా, నేను ఆ కోణంలో చూడలేదు. కానీ ఆ అడుగు చోటే పూడికకి వదిలేది, కొన్నేళ్లకి అక్కడ ఉండేది నీళ్లు కాదు ఒండ్రు, అప్పుడు నీళ్లు కావాలంటే మట్టం ఇంకో మీటరు పెంచాలంటారు, ఆ పై మీటర్లలోనే అసలు చోటంతా ఉంది. పైగా ఇక్కడ అడిగేది షట్టర్. షట్టరంటే తాళం ఒకరి దగ్గర ఉంటుంది, అర్ధరాత్రి రెండింటికి వాన పడితే ఆ మనిషి రావాలి, అది తుప్పు పట్టకుండా లేవాలి. అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలో 1913 డేటన్ ఊరి వరదల తర్వాత అక్కడి మయామీ నది లోయలో 5 మట్టి డ్యాములు కట్టారు, 1922కి పూర్తయ్యాయి. నీళ్లు పోయే దారులకి గేట్లే పెట్టలేదు. వెనకాల నేలలో వ్యవసాయం చేస్తారు, వరదొస్తే మునుగుతుంది, తర్వాత తేలుతుంది. ఎవరూ ఏమీ తిప్పక్కర్లేదు.

రాత్రి_టార్చి:
ఇలా వరద కోసం కట్టినదాన్నే చెరువు చేసిన కట్ట మీద కొన్నాళ్లు కాపలా ఉన్నాను. షట్టర్ పెట్టించినవాళ్లు నీళ్లు నిలిచాక రెండేళ్లు కట్ట మొహం చూడలేదు. పచ్చగా తుమ్మచెట్లు లేచాయి, అందరూ బాగుందన్నారు, ఆ చెట్టు చచ్చాక వేరు కుళ్లి లోపల గొట్టంలా మిగులుతుందని ఎవరికీ తెలీదు. ఒకరోజు కట్ట మొదట్లో గడ్డి ఒకచోట మాత్రం మరీ ముదురు ఆకుపచ్చగా ఉంది, కాలు పెడితే మెత్తగా దిగింది. ఊట అప్పటిదాకా తేటగానే వచ్చేది, మట్టికట్టకి ఊట ఉంటుంది, అది తప్పు కాదు. ఆరోజు గాజుగ్లాసులో పట్టి కట్ట మీద పెట్టాను, టీ తాగి వచ్చేసరికి అడుగున వేలి గోరంత మందం మట్టి పేరుకుంది. అంటే లోపల్నించి కట్ట మట్టే కొట్టుకొస్తోంది, బుంగ మొదలైంది. షట్టర్ తిప్పితే కదల్లేదు, నలుగురం కలిసి గడ్డపార వేసి లేపాం. ఇసుక, దాని మీద కంకర పోసి ఊట మీద బరువు పెట్టాం, నీళ్లు పోనిచ్చి మట్టి ఆపాలి, బంకమట్టితో మూసేస్తే ఇంకోచోట పగులుతుంది. ఆ కట్ట నిలిచింది. నేను నీళ్లకి వ్యతిరేకం కాదు, చూసేవాళ్లు లేని నీళ్లకి వ్యతిరేకం.

లెక్కల_మాస్టారు:
టార్చి గారూ మీ గ్లాసు సంగతి చదివాక షట్టర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నీళ్లు వద్దనే మాట ఒప్పుకోను. పైపు మూతికి నిలువు తూము కట్టి 3 మీటర్ల ఎత్తులో నోరు పెట్టొచ్చు, ఆ నోటికి మూత ఉండదు, అంతకంటే పైకి వచ్చిన ప్రతి చుక్కా ఎవరినీ అడక్కుండా దిగిపోతుంది.

అలుగు_దగ్గర:
అడుగున ఖాళీ చేసే వాల్వ్ కూడా కావాలి మాస్టారూ, అది మర్చిపోతే మళ్లీ సౌత్ ఫోర్కే. తూము నోటికి చెత్త అడ్డుపడకుండా ఊచలు పెట్టాలి, చేపల జాలీ మాత్రం వద్దే వద్దు. కట్ట ఎప్పుడూ తడిగా ఉంటే లోపల నీటి మట్టం మారుతుంది, ఊటతో మట్టి కొట్టుకుపోకుండా ఆపే వడపోత ఇసుక పొర లోపల లేకుండా కట్టింది అయితే డ్యాముల ఇంజనీరు చూడకుండా ఒక్క అడుగు కూడా నిలపకూడదు.

నీటిచుక్క:
3 మీటర్లకి నేను ఓకే. ఏమీ లేకపోవడం కంటే నయమే కదా.

కట్టకింద_పొలం:
అందరికీ థాంక్సండి. మీటింగులో షట్టర్ వద్దని నేనే లేచి చెప్తా, నిలువు తూము గురించి ఇంజనీరుని పిలిపిద్దామని అడుగుతా. ఇందాకే కట్ట మొదలు పొడవునా నడిచొచ్చా, ఊట ఎక్కడా లేదు, కానీ అలుగులో మోకాలెత్తు సర్కారు తుమ్మ, ఒకచోట పందికొక్కు బొరియ, చెయ్యి పెడితే మోచెయ్యి దాకా పోయింది. అలుగు నేను రేపు కొట్టించేస్తా, బొరియలో ఏం పోయాలి?

రాత్రి_టార్చి:
ఉత్త మట్టి పైన కప్పి వదిలేయకండి. చివరికంటా తవ్వి తెరిచి, అదే రకం బంకమట్టి కొంచెం తడిపి 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి ఒక్కో పొర దిమ్మిసతో గట్టిగా కొట్టండి. నీళ్ల వైపు వాలు మీద ఇంకో బొరియ ఉందేమో ముందు చూడండి, చాలాసార్లు అవి రెండు పక్కల నుంచీ తవ్వుతాయి.