కుడిచేతి బేస్ గిటారును ఎడమచేతికి మార్చుకుంటే వచ్చే చిక్కులు – చిత్తూరు నుంచి ఒక సందేహం

చిత్తూరు నాలుగు తీగలు:
అందరికీ నమస్కారం. నాది ఎడమచేతి వాటం. తిరుపతిలో ఒకాయన దగ్గర ఫెండర్ జాజ్ బేస్ నమూనా గిటారు పాతది చౌకగా దొరికింది, కుడిచేతిది. తీగలు విప్పి, లావు తీగ పైకి వచ్చేలా తిరగేసి కట్టాను. ఇప్పుడు సన్నని జి తీగను ఖాళీగా మీటితే జరజరమంటోంది. లావు ఇ తీగను మొదటి ఫ్రెట్టు (మెడ మీది లోహపు అడ్డగీత) దగ్గర నొక్కాలంటే బలం చాలడం లేదు, శ్రుతి కూడా పైకి పోతోంది. పన్నెండో ఫ్రెట్టు దాటానంటే చాలు, శ్రుతి తప్పి, మా కీబోర్డు అబ్బాయి తల తిప్పి నా వైపు చూస్తున్నాడు. కేబులు గుచ్చే జాక్ మోచేతికి అడ్డం. బెల్టు తగిలించే గుండీ ఒంటి కొమ్ముల్లో కింది దానికి పోయింది. దుకాణంలో అడిగితే, ఇదంతా ఎందుకు, కుడిచేత్తోనే నేర్చుకోమన్నారు. ఏది ముందు బాగు చేయించాలి? పెళ్లిళ్ల సీజను దగ్గరకొస్తోంది.

చంద్రగిరి బేస్:
తమ్ముడూ, నువ్వు చెప్పిన మొదటి రెండు రోగాలకూ మూలం ఒకటే, నట్. మెడ మీద తీగలు కూర్చునే ఆ చిన్న పట్టీ. దాని గాడులు కుడిచేతి తీగల మందానికి కోసి ఉంటాయి. మామూలు సెట్టులో ఇ తీగ సుమారు 2.7 మిల్లీమీటర్లు, జి తీగ 1.1 మిల్లీమీటర్లు. నీ సన్న తీగ ఇప్పుడు లావు తీగ గాడిలో పడి అటూ ఇటూ కదులుతోంది, మరీ కిందికి కూర్చుంది కూడా. అందుకే ఆ జరజర. నీ లావు తీగ సన్న గాడిలో దిగలేక పైనే నిలబడింది. ఎత్తు మీది నుంచి నొక్కితే తీగ సాగుతుంది, శ్రుతి పెరుగుతుంది.

కాబట్టి కొత్త నట్ వేయించు. ఎముకదైనా, మంచి ప్లాస్టిక్‌దైనా పరవాలేదు. పాతది చిన్న చెక్కముక్క ఆనించి పక్క నుంచి మెల్లగా తడితే ఊడి వస్తుంది. కొత్తది అంటించడానికి ఒక్క బొట్టు జిగురు చాలు, రేపు మళ్లీ తీయాల్సి రావచ్చు. గాడులు కోసే ఆకురాళ్ల సెట్టు ఖరీదెక్కువ. వెల్డింగు సామాను అమ్మే చోట టిప్ క్లీనర్ అని దొరుకుతుంది, రకరకాల మందాల్లో గరుకు తీగలు ఉంటాయి. సన్న తీగల గాడులకు అది బాగా పనికొస్తుంది. లావు గాడికి గుండ్రటి చిన్న ఆకురాయి వాడు. ఎంత లోతు కోయాలో ఇలా చూడు: తీగను రెండో, మూడో ఫ్రెట్టుల మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్టు మీద ఖాళీ ఎంతుందో గమనించు. వెంట్రుకవాసి సందు ఉండాలి. అసలు సందే లేకపోతే ఎక్కువ కోసినట్టు, అప్పుడు మళ్లీ కొత్త పట్టీతో మొదలుపెట్టాలి. కనుక రెండు సార్లు ఆకురాయితో రుద్దడం, ఒకసారి తీగ పెట్టి చూడడం, అంతే ఓపిక.

నట్ అయ్యాక మెడ వంపు. తీగను మొదటి ఫ్రెట్టు దగ్గరా, మెడ ఒంటికి కలిసే చోటా ఒకేసారి నొక్కితే, ఏడెనిమిది ఫ్రెట్టుల దగ్గర 0.3 మిల్లీమీటర్ల సందు కనబడాలి. ఎక్కువుంటే మెడ లోపలి ఇనుప రాడ్డును కుడివైపు పావు చుట్టు బిగించి, ఒక పూట ఆగి మళ్లీ చూడు. మన ఊళ్ల ఎండలకు మెడ కదులుతూనే ఉంటుంది. వేసవిలో కారు డిక్కీలో వదిలేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మీ కీబోర్డు అబ్బాయి సంగతి. అతను చూడటం న్యాయమే. బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కే సాడిల్. లావు తీగకు సాడిల్ కాస్త వెనక, సన్న తీగకు కాస్త ముందు ఉండాలి. నీవి తలకిందులయ్యాయి. కొత్త తీగలు వేసి, పన్నెండో ఫ్రెట్టు మీద తీగను తాకీ తాకకుండా మీటితే వచ్చే స్వరాన్నీ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చు. నొక్కినది ఎక్కువగా చూపిస్తే సాడిల్‌ను వెనక్కి జరుపు, తక్కువైతే మెడ వైపుకు. ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసుకోవాలి. 34 అంగుళాల బేస్ అయితే జి సాడిల్‌ను పన్నెండో ఫ్రెట్టుకు 17 అంగుళాల దూరంలో పెట్టి మొదలుపెట్టు, మిగిలినవి అక్కడి నుంచి ఒక్కొక్కటీ కాస్త వెనక్కి.

తల మీద తీగను అణిచి పట్టే చిన్న బిళ్ల ఉంటుంది, చూశావా? అది ఇప్పుడు లావు తీగల దారిలో పడింది. విప్పి సన్న తీగల వైపుకు మార్చు.

వీణ మీద చేయి:
ఆ దుకాణం వాళ్లు చెప్పినదాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. వీణలో, వయొలిన్‌లో ఎడమచేతి వాటం పిల్లలు కూడా కుడివైపే నేర్చుకుంటారు. తిరుపతి సంగీత కళాశాల తరగతిలో అందరికీ ఒకటే పద్ధతి. డైర్ స్ట్రెయిట్స్ గిటారిస్టు మార్క్ నాఫ్లర్ ఎడమచేతి వాటం మనిషే, గిటారు కుడిచేత్తోనే వాయిస్తాడు. రేపు ఎవరి వాయిద్యం చేతికొచ్చినా వాయించవచ్చు, అది చిన్న లాభం కాదు.

చంద్రగిరి బేస్:
అక్కా, ఇవాళే మొదలుపెట్టేవాళ్లకు మీ మాటే నేనూ చెబుతాను. ఇతను వేదికలెక్కుతున్నవాడు. బేస్‌లో తాళం పట్టుకునేది మీటే చెయ్యి. దాన్ని ఇప్పుడు మార్చమంటే సీజను దాటిపోతుంది. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో హాఫ్నర్ బేస్ కొన్నప్పుడు దాని వయొలిన్ ఆకారం రెండువైపులా ఒకేలా ఉందని, ఎడమవైపు పట్టుకున్నా వికారంగా కనిపించదని ముచ్చటపడ్డాడు. అమెరికన్ బేస్ వాద్యకారుడు జిమ్మీ హాస్లిప్ అయితే కుడిచేతి బేస్‌ను తిరగేసి, తీగలు కూడా మార్చకుండా, సన్న తీగ పైన పెట్టుకునే వాయిస్తాడు. ఎవరి దారి వాళ్లది.

సోల్డరింగ్ మామ, రేణిగుంట:
కరెంటు పని నేను చెబుతా. జాక్ కోసం ఇప్పుడే ఒంటికి చిల్లు పెట్టకు. ఎల్ ఆకారపు పిన్ను ఉన్న కేబులు కొని, వైరును బెల్టు లోపలి నుంచి తిప్పుకో. సీజనంతా వాయించాక కూడా అడ్డమే అనిపిస్తే అప్పుడు కింది అంచున చిల్లు పెట్టిద్దాం. ఏర్పేడు దగ్గర మాధవమాల చెక్కపనివాళ్లు ఉన్నారు, చెక్క చీలకుండా చేస్తారు.

వాల్యూమ్ నాబ్ ముంజేతికి తగిలి తిరుగుతుంటే, దాని కింద ఉన్ని వాషరు వెయ్యి, బిగుతుగా ఉంటుంది. నాబ్ ఎదురు దిశలో తిరగాలని కొందరు లోపలి చివరి రెండు వైర్లు మార్చేస్తారు. మామూలు ఆడియో పాట్ (నాబ్ కింద సౌండు తగ్గించి పెంచే భాగం) ఉంటే అలా చేశాక సౌండంతా ఒక చివరే పోగుపడుతుంది, మధ్యలో తిప్పినా తేడా తెలియదు. అది కావాలంటే రివర్స్ రకం పాట్ గానీ, లీనియర్ గానీ వెయ్యాలి. నన్నడిగితే దాని జోలికే పోకు.

నీది జాజ్ కావడం నీ అదృష్టం, తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్‌లు తిన్నగా ఉంటాయి. ఫెండర్ వాళ్ల ఇంకో బేస్ ప్రెసిషన్‌కు 1957 నుంచి పికప్ రెండు ముక్కలు. తిరగేస్తే లావు తీగల ముక్క బ్రిడ్జి వైపుకు పోయి, మోత కాస్త బిగుసుకుంటుంది.

బెల్టు గుండీని పొట్టి కొమ్ముకు మార్చాలి, వేరే దారి లేదు. మరమేకు కంటే సన్నని చిల్లు ముందు వేసి, మరమేకుకు కొవ్వొత్తి మైనం రుద్ది బిగించు. పొట్టి కొమ్ము కనుక తల కిందికి వాలుతుంది. జారని వెడల్పు తోలు బెల్టు వాడు.

చిత్తూరు నాలుగు తీగలు:
అన్నా, నట్ మార్పించాను. జి తీగ జరజర పోయింది, ఇ తీగ వేలికి లొంగింది. మామా, మీరు చెప్పిన కేబులు తెచ్చుకున్నాను. ఇక రెండే మిగిలాయి. మెడ పక్కన ఉండే చుక్కలు ఇప్పుడు కిందివైపు పోయాయి, స్టేజీ మీద ఫ్రెట్టు కనబడక తడుముకుంటున్నాను. ఇ సాడిల్ చివరిదాకా వెనక్కి వెళ్లినా ఇంకా కాస్త ఎక్కువ శ్రుతే చూపిస్తోంది.

చంద్రగిరి బేస్:
చుక్కలకు ఇంట్లో తెల్ల గోళ్ల రంగు ఉంటే అడుగు. అగ్గిపుల్ల కొనతో 3, 5, 7, 9 దగ్గర ఒక్కొక్కటి, 12 దగ్గర రెండు, ఆ పైన 15, 17, 19. నచ్చకపోతే గీకేయవచ్చు.

సాడిల్‌కు ముందు తీగ ఎత్తు చూడు. పదిహేడో ఫ్రెట్టు మీద రెండు, రెండున్నర మిల్లీమీటర్లకు మించి ఉంటే దించు, సగం తేడా అక్కడే పోవచ్చు. అప్పటికీ చాలకపోతే సాడిల్ వెనక స్ప్రింగు ఉంటుంది. మరమేకు విప్పి స్ప్రింగును సగానికి కోసి మళ్లీ పెట్టు. సాడిల్‌కు ఇంకో మూడు నాలుగు మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. కోసేటప్పుడు తీగ పూర్తిగా వదులు చెయ్యి.