ఉపగ్రహ చిత్రంలో దట్టమైన పొగ, నేల మీద శుభ్రమైన గాలి: దేనిని నమ్మాలి?

ఎడిసన్‌వాసి:
మేము న్యూజెర్సీలో ఉంటాము. 2023 జూన్ 7న క్యూబెక్ అడవుల పొగ ఇటు దిగి, న్యూయార్క్‌లో వాయు నాణ్యతా సూచిక 400 దాటినప్పటి నుంచి, వేసవి రాగానే నాసా వారి ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైటు వరల్డ్‌వ్యూలోనూ, అమెరికా వాతావరణ ఉపగ్రహమైన గోస్ ఈస్ట్ చిత్రాలలోనూ పొగ జాడ చూడటం నాకు అలవాటైంది. మా నాన్నగారికి ఉబ్బసం ఉంది కనుక, ఆయన సాయంత్రం నడకకు వెళ్లవచ్చునో లేదో నేనే చెప్పవలసి వస్తుంది. చిత్రంలో మా కౌంటీ అంతటా బూడిదరంగు తెర పరచుకున్న రోజున కూడా ఒక్కోసారి నేల మీది కేంద్రంలో పిఎం 2.5 (గాలిలోని అతి సన్నని కణాల కొలత) మామూలుగానే ఉంటోంది. పైగా ‘డస్ట్’ అనే రంగుల చిత్రం తెరిస్తే అంత పొగా అసలు కనిపించదు. కారణం ఏమిటి?

పరారుణం:
రెండవది ముందు చెబుతాను. డస్ట్ (ధూళి) చిత్రం ఐరోపావారి వాతావరణ ఉపగ్రహం మీటియోశాట్ కోసం రూపొందినది. అది పరారుణ కిరణాలతోనే తయారవుతుంది. పొగ కణాలలో అధిక భాగం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) కన్నా చిన్నవి కావడం వల్ల 10, 12 మైక్రాన్ల తరంగాలు వాటిని దాదాపు గుర్తించకుండానే దాటిపోతాయి. ఎడారి ధూళి కణాలు అంతకన్నా పెద్దవి, పైగా వాటిలోని సిలికేట్లు 12 మైక్రాన్ల దగ్గరకన్నా 10.8 దగ్గర ఎక్కువ వేడిని పీల్చుకుంటాయి. ఆ తేడాను ఎరుపుగా చూపడం వల్లనే సహారా ధూళి ఆ చిత్రంలో గులాబీ రంగులో, రాత్రివేళ కూడా, కనిపిస్తుంది. పల్చని మంచు మేఘాలలో ఈ తేడా తలకిందులవుతుంది. పొగను చూడాలంటే పగటి వెలుగులో తీసిన సహజవర్ణ చిత్రమే గతి. రాత్రి 3.9 మైక్రాన్ల ఛానెల్ (ఉపగ్రహం విడిగా కొలిచే తరంగాల పట్టీ) మంటను చూపుతుంది కానీ దాని పొగను చూపదు.

ఆకాశవీక్షకుడు:
మొదటి ప్రశ్నకు జవాబు ఎత్తులో ఉంది. ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అనే కొలత నేల నుంచి ఆకాశం చివరి వరకు ఉన్న కణాలన్నిటినీ కలిపి ఒకే అంకెగా ఇస్తుంది. అవి ముక్కు దగ్గర ఉన్నాయా, నాలుగు కిలోమీటర్ల పైన ఉన్నాయా అన్నది అందులో తెలియదు. 2023 జూన్ మొదటి వారంలో ఈశాన్య తీరం దగ్గర నిలిచిన అల్పపీడనం చుట్టూ తిరిగిన గాలి క్యూబెక్ పొగను తిన్నగా దక్షిణానికి లాగింది. దూరం తక్కువ కనుక అది నేలబారునే వచ్చింది. అదే నెల చివర అట్లాంటిక్ దాటి ఐరోపా చేరిన కెనడా పొగ చాలావరకు ఎత్తులోనే సాగి, అక్కడి సూర్యాస్తమయాలను ఎర్రబార్చింది. ఎత్తు కొలవడానికి లైడార్, అంటే లేజర్ కాంతితో కొలిచే సాధనం, కావాలి. అది ఉన్న కాలిప్సో ఉపగ్రహం పని 2023 ఆగస్టులో ముగిసింది. 2024 మేలో ప్రయోగించిన ఎర్త్‌కేర్ ఉపగ్రహంలో లైడార్ ఉంది కానీ, దాని బాట సన్నని గీత మాత్రమే, మీ ఊరి మీదుగా రోజూ పోదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పొగ మరీ చిక్కబడితే గణన పద్ధతి దానిని మేఘమని భావించి ఆ చోటును ఖాళీగా వదిలేస్తుంది. అంటే పటంలో ముదురు రంగు మధ్య తెల్లగా మిగిలిన చోటే అన్నిటికన్నా దట్టమైన పొగ కావచ్చు.

షాద్‌నగర్ దారి:
మన వైపు సంగతి కొంచెం చెబుతాను. భారత వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డిఎస్‌లోని ఇమేజర్ అనే చిత్రసాధనంలో ఉన్నవి ఆరు ఛానెళ్లే, డస్ట్ చిత్రానికి కావలసిన 8.7 మైక్రాన్లది లేదు. కాబట్టి థార్ ధూళిని చూడటానికి హిందూ మహాసముద్రం మీద 45.5 డిగ్రీల తూర్పున ఉన్న మీటియోశాట్-9 మేలు. నల్లమలలో వేసవిలో ఎండుటాకుల మీద పాకే మంటలు చిన్నవి. ధ్రువకక్ష్య ఉపగ్రహాల మీద ఉండి మంటలను గుర్తించే వీర్స్ సాధనం దాదాపు మధ్యాహ్నం ఒకటిన్నరకు, రాత్రి ఒకటిన్నరకు దాటుతుంది కనుక, మధ్యలో అంటుకుని ఆరిపోయినవి దాని లెక్కలోకి రావు. అన్నట్టు, వాట్సాప్‌లో తిరిగే ఎర్రచుక్కల పటాలు చూసి రాష్ట్రమంతా తగలబడుతోందని అనుకోకండి. ఒక్కో చుక్క 375 మీటర్ల పిక్సెల్‌కు గుర్తు, తెరమీద మాత్రం ఎన్నో రెట్లు పెద్దదిగా గీస్తారు.

ఎడిసన్‌వాసి:
చాలా ఉపయోగపడింది. అయితే గోస్ చిత్రాలు ఏ వేళ చూడటం మంచిది?

ఆకాశవీక్షకుడు:
పొద్దున్నే, లేదా సూర్యాస్తమయానికి ముందు గంటలో చూడండి. అప్పుడు ఏటవాలుగా పడే వెలుగును పొగ ఉపగ్రహం వైపు ఎక్కువగా చెదరగొడుతుంది; నడినెత్తి ఎండలో అదే పొగ సగం మాయమవుతుంది. అమెరికా మీద అయిదు నిమిషాలకొక చిత్రం వస్తుంది కనుక వరుసగా తిప్పి చూస్తే పొగ ఎటు కదులుతోందో తెలుస్తుంది. నాన్నగారి నడక విషయంలో మాత్రం అమెరికా ప్రభుత్వ వాయు నాణ్యతా వెబ్‌సైటు ఎయిర్‌నౌ వారి ఫైర్ అండ్ స్మోక్ పటంలో మీకు దగ్గరి కేంద్రం అంకెనే ప్రమాణంగా తీసుకోండి.