మినప్పప్పు నానబెట్టడం మరచిపోయి ఏడ్చాను: ఇది ఓపిక లేకపోవడమా, మోయలేని భారమా?

మియాపూర్_మెట్రో:
మంగళవారం రాత్రి పదిన్నరకు గిన్నెలు సర్దుతూ ఉండగా, పొద్దున బ్యాంకుకు బయలుదేరే ముందు నానబెట్టవలసిన మినప్పప్పు సంగతి గుర్తుకు వచ్చింది. డబ్బా మూత తీస్తే పప్పు పొడిపొడిగా అలాగే ఉంది. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని వంటగది గడప మీద పావుగంట ఏడ్చాను. ‘ఇంతమాత్రానికి ఏడవాలా, రేపు ఉప్మా తిందాం’ అన్నారు మా వారు. ఆయన చెడ్డవారు కాదు. ఇద్దరు పిల్లలు, ఇన్సులిన్ మీద ఉన్న మామగారు, నా ఉద్యోగం, ఇవన్నీ నాలాగే నెట్టుకొస్తున్నవారు ఎందరో ఉన్నారు. వారికి రాని ఏడుపు నాకెందుకు వచ్చింది? మీరంతా ఎలా తట్టుకుంటున్నారు?

విశ్రాంత_పంతులమ్మ:
అమ్మాయీ, నిన్ను బాధపెట్టాలని కాదు కానీ, ఉన్నమాట చెబుతాను. 1984లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు గుంటూరు జిల్లాలో మా ఊరి నుంచి బడికి మూడు కిలోమీటర్లు నడిచి వెళ్లేదాన్ని. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బావి నీళ్లు తోడి, వంట చేసి, అత్తగారికి, మరుదులకు క్యారియర్లు సర్ది, బడి గంటకు తరగతిలో ఉండేదాన్ని. పిండి రుబ్బురోట్లో నా చేత్తో రుబ్బుకున్నదే. ఇప్పుడు గ్రైండరు, వాషింగ్ మెషీను అన్నీ ఉన్నాయి. ఒక గంట ముందు లేచి, మర్నాటి పనులు రాత్రే కాగితం మీద రాసుకుంటే ఈ తొందర ఉండదు.

నెల్లూరు_నీడ:
వీధి చివర దుకాణంలో కిలో పిండి దొరుకుతుంది, కొనుక్కోండి. దీనికి ఇంత చర్చ అవసరం లేదు.

కృష్ణాతీరం:
ప్యాకెట్ పిండి మర్నాటికే పులిసిపోతుంది, పిల్లలకు పెట్టేది కాదు. వారానికి సరిపడా ఆదివారమే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది.

నెల్లూరు_నీడ:
మా ఇంట్లో ఆరేళ్లుగా ప్యాకెట్ పిండే వాడుతున్నాం, పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నారు.

మియాపూర్_మెట్రో:
దయచేసి పిండి దగ్గర ఆగిపోకండి. నేను అడిగింది పిండి గురించి కాదు.

వార్డు_నర్సు:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో, ఉద్యోగపు ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోయే స్థితిని ‘బర్నౌట్’ అన్న పేరుతో, వ్యాధిగా కాకుండా వృత్తికి సంబంధించిన పరిస్థితిగా చేర్చారు. జీవితంలోని ఇతర రంగాలకు ఆ మాట వర్తించదని కూడా అక్కడే రాశారు. అంటే బ్యాంకులో అలసిపోతే దానికొక పేరు ఉంది, వంటగదిలో అలసిపోతే అదీ లేదు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో స్త్రీలు వాటి మీద రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఇది ఒక్క మనిషి ఓపికకు సంబంధించిన విషయమని నేను అనుకోను. ఒక మాట మాత్రం చెబుతాను: ఈ ఏడుపు, నిద్రపట్టకపోవడం రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

కృష్ణాతీరం:
ఆ లెక్క దేశమంతటిదీ కలిపి చెప్పేది, ప్రతి ఇంటికీ దాన్నే అంటగట్టడం న్యాయం కాదు. నేను రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరతాను. అయినా మా ఆవిడ ఏ పని చెబితే అది చేస్తాను. చెప్పకుండా లోలోపల కుమిలిపోతే మగవాడు ఏం చేయగలడు?

మియాపూర్_మెట్రో:
కృష్ణాతీరం గారూ, ఆ ‘చెబితే’ అన్న చోటే నేను అలసిపోతున్నాను. గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలో, వ్యాన్ ఫీజుకు గడువు ఎప్పుడో, పాపకు బుధవారం తెల్ల బూట్లు కావాలని, మామగారి ఇన్సులిన్ ఇంకెన్ని రోజులకు సరిపోతుందో గుర్తుపెట్టుకుని, సరైన సమయానికి, ఎదుటివారు నొచ్చుకోకుండా చెప్పడం కూడా పనే. చేతులు చేసే పనికి గ్రైండరు వచ్చింది. గుర్తుపెట్టుకునే పనికి ఏ యంత్రమూ రాలేదు. కౌంటరులో నోట్లు లెక్కపెడుతున్నప్పుడు కూడా నా తలలో పప్పు నానుతూనే ఉంటుంది. ఆ రోజు అదొక్కటి జారిపోయింది, దాంతో పట్టుకున్నవన్నీ జారిపోతున్నట్టు అనిపించింది. టీచరు గారు చెప్పిన కాగితం నా ఫ్రిజ్ తలుపు మీద మూడేళ్లుగా ఉంది. అందులో రాసేది నేనే, చదివేదీ నేనే.

విశ్రాంత_పంతులమ్మ:
మేము కూడా అన్నీ గుర్తుపెట్టుకున్నాం. ఫోన్లు లేవు, అలారాలు లేవు. మేము దీనికి పేర్లు పెట్టుకుని, అంకెలు చెప్పుకుని కూర్చోలేదు. మీ తరానికి ప్రతిదీ భారమే.

వార్డు_నర్సు:
అమ్మా, ఏడుస్తున్న మనిషితో మాట్లాడే తీరు ఇది కాదు. మీరు పడ్డారు కాబట్టి ఆమె కూడా పడాలా? మా వార్డుకు వచ్చే పెద్దవయసు తల్లులలో ఎందరో ‘నాకేం బాధ లేదు’ అంటూనే ముప్పై ఏళ్ల నిద్రలేమి గురించి చెబుతారు. ఆ సహనాన్ని ఆదర్శంగా చూపకండి.

విశ్రాంత_పంతులమ్మ:
నా సహనం గురించి నీకేం తెలుసు? 1987లో నా రెండో బిడ్డ చంటిది, ఒళ్లు కాలిపోయే జ్వరం. వరసగా రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు బడిలో మూడో ఎక్కం చెప్పిస్తూ మధ్యలో ఆగిపోయాను, తరువాతి అంకె నోటికి రాలేదు. పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. సాయంత్రం ఇంటికి వచ్చి, బావి వెనక్కి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. అలా నిలబడడమే నా బలం అనుకుని ముప్పై ఏళ్లు గడిపాను. ఈ అమ్మాయి పడుతున్నది మోయలేని భారమని ఈరోజు మీరంతా ఒప్పుకుంటే, ఆ రోజు నన్ను కూడా ఎవరో ఒకరు అడిగి ఉండవలసింది కదా. అప్పుడు అడగనివారి మీద ఇప్పుడు కోపం తెచ్చుకుని నేనేం చేసుకోను? వారిలో సగం మంది లేనే లేరు.

నెల్లూరు_నీడ:
టీచరు గారూ, పిండి గురించి తేలికగా మాట్లాడినందుకు మన్నించండి.

వార్డు_నర్సు:
నేను తొందరపడ్డాను, అమ్మా. నన్ను క్షమించండి.

కృష్ణాతీరం:
నాదొక సందేహం. చెప్పకుండా చేయాలంటే మొదట ఏదైనా మరచిపోతాం కదా. ఆ నష్టాన్ని ఇంట్లోవారు భరించగలరా?

మియాపూర్_మెట్రో:
టీచరు గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఆ బావి వెనక నేను ఉండి ఉంటే తప్పక అడిగేదాన్ని.

కృష్ణాతీరం గారి ప్రశ్నకు నా ఇంట్లో జరిగింది చెబుతాను. శుక్రవారం మా వారితో కూర్చుని గ్యాస్, వ్యాన్ ఫీజు, ఇన్సులిన్ పూర్తిగా ఆయనకు అప్పగించాను. చేసిపెట్టడమే కాదు, గుర్తుపెట్టుకోవడం కూడా ఆయనదే. గ్యాస్ అయిపోయింది, శనివారం రాత్రి హోటల్ నుంచి తెచ్చుకుని తిన్నాం. ఇన్సులిన్ మాత్రం ఆదివారం ఆయనే గుర్తుంచుకుని తెచ్చారు, నేను నోరు విప్పలేదు. కానీ ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ ఎంత మిగిలిందో చూడడం మానలేకపోతున్నాను.

విశ్రాంత_పంతులమ్మ:
మానవద్దు తల్లీ. పెద్దాయన మందు సంగతి కాబట్టి ఇంకొన్నాళ్లు చూస్తూనే ఉండు. నిజంగా అయిపోవస్తే చెప్పు, అంతవరకూ చెప్పకు. గ్యాస్ అయిపోతే మాత్రం అయిపోనివ్వు.