పచ్చ చుక్క ఉంటే హలాల్ అయినట్టేనా? పుట్టినరోజు మిఠాయిల గురించి ఒక సందేహం

ప్రశ్న (గుంటూరు నుండి ఒక గృహిణి)

నమస్కారం. వచ్చే ఆదివారం మా అమ్మాయికి ఎనిమిదో పుట్టినరోజు. మా అపార్ట్‌మెంటు పిల్లలంతా వస్తారు, వారిలో ముగ్గురు ముస్లిం కుటుంబాల పిల్లలు. కిందటి ఏడాది కేకు ముక్క పెడితే ఆ ముగ్గురిలో పెద్దబ్బాయి "ఇంటికి తీసుకెళ్లి తింటాను ఆంటీ" అంటూ కాగితపు రుమాలులో చుట్టుకున్నాడు. మొహమాటపడుతున్నాడేమో అనుకున్నాను. ఆ కేకులో రమ్ము వాసన వచ్చిందని, అందుకే వాడు తినలేదని కొన్ని నెలల తరువాత వాళ్ల అమ్మగారు మాటల మధ్యలో చెప్పారు. పదేళ్ల పిల్లవాడు నన్ను నొప్పించకుండా ఎంత నేర్పుగా తప్పుకున్నాడో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈసారి అలా జరగకూడదు. నేను అనుకున్నవి బేకరీ కేకు, వెండి రేకు అద్దిన కాజూ బర్ఫీ, ఆత్రేయపురం పూతరేకులు, రంగురంగుల చాక్లెట్ గోళీలు, జర్మనీలో ఉన్న మా తమ్ముడు పంపిన ఎలుగుబంటి బొమ్మల జెల్లీ మిఠాయిలు. పొట్లం మీద పచ్చ చుక్క ఉన్నవి పెడితే సరిపోతుందా? వాళ్ల అమ్మగారినే అడగవచ్చు గానీ, అడిగితే "ఏం ఫరవాలేదండీ" అనేసి ఊరుకుంటారని నా అనుమానం.

సమాధానం 1 (మిఠాయిల కర్మాగారంలో నాణ్యతా విభాగంలో పనిచేసినవాడిని)

పచ్చ చుక్క మంచి జల్లెడే కానీ, అది హలాల్ కోసం అల్లిన జల్లెడ కాదండీ. పాలు, తేనె వంటివి తప్ప జంతువుల నుండి వచ్చినదేదీ ఇందులో లేదని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. కాబట్టి జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుండి తీసే, జెల్లీని గడ్డకట్టించే పదార్థం), పంది కొవ్వు, పశువుల కొవ్వు వంటి పెద్ద చిక్కులు దానితోనే తొలగిపోతాయి. బిస్కెట్ల మీద, చాక్లెట్ల మీద తరచుగా కనిపించే 471 అనే ఎమల్సిఫయరును (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థాన్ని) జంతువుల కొవ్వుతోనూ, పామాయిలు వంటి నూనెలతోనూ చేయవచ్చు. పచ్చ చుక్క పక్కన ఆ అంకె కనిపిస్తే అది మొక్కల నుండి వచ్చినదేనని నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఆ గుర్తు చెప్పనిది మద్యం సంగతి. చెరకు నుండి తీసిన రమ్ము శాకాహారమే కదా! రమ్ములో నానబెట్టిన ఎండుద్రాక్షతో గుడ్డు లేకుండా ప్లమ్ కేకు చేస్తే దానికీ పచ్చ చుక్కే పడుతుంది. మరోవైపు గుడ్డు వేసిన మామూలు కేకు పొట్లం మీద గోధుమరంగు త్రికోణం ఉంటుంది గానీ, కోడిగుడ్డు హలాలే కాబట్టి కేవలం ఆ గుర్తు చూసి పక్కన పెట్టనక్కరలేదు. రెండు సందర్భాల్లోనూ వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితాయే అసలు సంగతి చెబుతుంది. జెలటిన్ అక్కడ ఆ పేరుతో గానీ, 428 అనే అంకెతో గానీ ఉండవచ్చు. మన దేశంలో జెలటిన్‌ను ఎక్కువగా పశువుల ఎముకల నుండి తీస్తారు. ఆ పశువును జబీహా పద్ధతిలో, అంటే ఇస్లాం చెప్పిన విధంగా కోశారో లేదో పొట్లం చెప్పదు కాబట్టి, హలాల్ ధృవీకరణ లేని జెలటిన్‌ను చాలామంది వద్దనుకుంటారు. చైనా గ్రాస్ అని మనం పిలిచే అగర్ అగర్ సముద్రపు నాచు నుండి, పెక్టిన్ పండ్ల తొక్కల నుండి వస్తాయి. వాటితో చేసిన జెల్లీలకు ఏ చిక్కూ లేదు.

మీరు ఎక్కువ జాగ్రత్తపడవలసింది బేకరీ కేకు విషయంలో, ఎందుకంటే విడిగా అమ్మే కేకుకు జాబితా ఉండదు. అద్దంలా మెరిసే పూత పోసిన కేకుల్లో, మూస్ కేకుల్లో, కాల్చకుండా గడ్డకట్టించే చీజ్ కేకుల్లో తరచుగా జెలటిన్ వాడతారు. మామూలు క్రీము కేకులో ఆ అవసరం ఉండదు. వాసన కోసం ఏ ఎసెన్సు వేస్తున్నారో అడిగి, వీలైతే ఆ సీసా తెప్పించుకుని చూడండి. ద్రావకం ప్రొపిలీన్ గ్లైకాల్ అని రాసి ఉంటే అది మద్యం కాదు. అసలైన వెనిలా ఎక్స్‌ట్రాక్టులో మాత్రం ఆల్కహాల్ ఉంటుంది, అమెరికా ప్రమాణం ప్రకారమైతే కనీసం 35 శాతం ఉండాలి. ద్రాక్ష, ఖర్జూరాల నుండి కాక ఇతర మార్గాల్లో తయారైన ఆల్కహాల్ మత్తు కలిగించనంత స్వల్పంగా ఉంటే దోషం లేదని నేటి హనఫీ (ఇస్లాం ధర్మశాస్త్రంలో ఒక సంప్రదాయం) పండితుల్లో పలువురు చెబుతారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. అతిథులకు పెట్టేటప్పుడు ఆ వాదంలోకి దిగకుండా, నిజమైన రమ్మును, రమ్ము వాసనను రెండింటినీ మానేయడమే మర్యాద.

సమాధానం 2 (ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న కడప వాడిని)

మీ తమ్ముడు గారు పంపినవి బహుశా హరిబో అనే జర్మన్ సంస్థ మిఠాయిలై ఉంటాయి. యూరప్‌లో జెలటిన్‌ను ఎక్కువగా పంది చర్మం నుండి తీస్తారు. జర్మన్ పొట్లాల మీద చాలాసార్లు 'గెలాటినె' అని మాత్రమే రాసి వదిలేస్తారు. దాని ముందు 'ష్వైన్' అని ఉంటే పంది, 'రిండ్' అని ఉంటే గొడ్డు. ఒట్టి 'గెలాటినె' అని ఉన్నదాన్ని నేనైతే పంది కిందే లెక్కవేస్తాను. అదే సంస్థ టర్కీలోని తన కర్మాగారంలో గొడ్డు జెలటిన్‌తో, హలాల్ ముద్రతో కూడా చేస్తుంది. ఇక్కడి టర్కీ వాళ్ల దుకాణాల్లో అవే దొరుకుతాయి. ఎలుగుబంటి బొమ్మ ఒకటే, తేడా అంతా పొట్లం వెనుకే ఉంది.

గోళీల్లో ఎర్ర రంగు చూడండి. ఇ120 లేదా కార్మీన్ అని ఉంటే అది కోచినీల్ అనే పురుగును ఎండబెట్టి తీసిన రంగు. హనఫీలు సాధారణంగా దాన్ని తినరు. ఇ904 అని ఉంటే షెల్లాక్, అంటే మన లక్క, చార్మినార్ పక్కన లాడ్ బజారులో గాజులకు వాడేదే. అది పురుగు శరీరం కాక దాని స్రావం కనుక తేనెతో పోల్చి చాలామంది అనుమతిస్తారు. విదేశీ చాక్లెట్లలో పాలవిరుగుడు పొడి ఇంకో సందేహం. 2007లో బ్రిటన్‌లో మార్స్ సంస్థ దూడ పొట్ట నుండి తీసే రెన్నెట్‌తో (పాలను విరగ్గొట్టే పదార్థంతో) వచ్చిన విరుగుడు వాడతామని ప్రకటించి, శాకాహారులు గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అంతదాకా మీరు వెళ్లనక్కరలేదు, మన దేశపు పచ్చ చుక్క గోళీలు కొనండి.

సమాధానం 3 (హైదరాబాదు పాతబస్తీ వాసిని)

వెండి రేకు, మా వైపు వరఖ్, దాని గురించి ఒక మాట. మా తాతగారి కాలంలో చార్మినార్ చుట్టుపక్కల సందుల్లో పొద్దున్నుంచీ సుత్తి దెబ్బల చప్పుడు వినిపించేది. పశువుల పేగుల పొరలను పుస్తకంలా కట్టి, పొరకూ పొరకూ మధ్య చిన్న వెండి ముక్క పెట్టి, ఊదితే ఎగిరిపోయేంత పలచబడేదాకా గంటల తరబడి కొట్టేవారు. తయారీలో ఏ దశలోనూ జంతు పదార్థం వాడకూడదని 2016లో ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. యంత్రాల మీద చేసిన రేకు అయితే మాకు గానీ, మీ ఇంట్లో శాకాహారులకు గానీ ఇబ్బంది లేదు. మీకు అనుమానంగా ఉంటే రేకు లేని బర్ఫీ అడగండి, రుచిలో రవ్వంత తేడా కూడా రాదు.

సమాధానం 4 (కర్నూలు నుండి, ఇద్దరు పిల్లల తల్లిని)

పూతరేకుల్లో ఉండేది బియ్యపు రేకు, నెయ్యి, బెల్లం, జీడిపప్పు కాబట్టి వాటికి ఇంత పరిశోధన అక్కరలేదు. సున్నుండలు, అరిసెలు, బందరు లడ్డు, రసగుల్లా కూడా అంతే. ఇక్కడ ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటుంది. ఆ రోజు మీరు పూజ చేసి నైవేద్యం పెడితే ఆ మిఠాయి మా పిల్లలకు పెట్టకండి. ప్రసాదాన్ని గౌరవంగా అందుకుంటాం గానీ మాలో చాలామంది తినరు, పైగా పిల్లవాడు మళ్లీ రుమాలు వెతుక్కోవలసి వస్తుంది. విడిగా తీసిపెట్టి "ఇవి దేవుడి దగ్గర పెట్టనివమ్మా" అని ఒక్క మాట చెబితే చాలు. అలాగే వాళ్ల అమ్మగారిని "తింటారా" అని అడిగితే మొహమాటానికి పోతారు. పొట్లం చేతికిచ్చి "కాస్త చూసి పెట్టండి వదినా" అనండి, మేము రోజూ చేసే పనే అది.

ప్రశ్న అడిగిన గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. జర్మనీ పొట్లం తీసి చూశాను. గ్లూకోజు పాకం, చక్కెర తరువాత మూడో మాటే 'గెలాటినె', ముందు ఏ మాటా లేదు. ఆ సంచీ మొత్తం అలమారలోకి వెళ్లిపోయింది. బేకరీ ఆయన మొదట విసుక్కున్నా ఎసెన్సు సీసా చూపించారు, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ఉంది. మెరుగు పూత లేని పైనాపిల్ కేకు చెప్పి వచ్చాను. సాయంత్రం గోళీల పొట్లం పట్టుకుని పక్కింటికి వెళ్లాను. వదినగారు ఇంకా తలుపు దగ్గరికి రాకముందే పెద్దబ్బాయి పొట్లం అందుకుని, తిప్పి, వేలు పెట్టి జాబితా అంతా చదివి, "ఇవి తినొచ్చు ఆంటీ, ఎన్ని తెచ్చారు?" అని అడిగాడు.